గులకరాళ్లపై నిలిచిన నీరు

“నీరు పల్లమెరుగు” అని మన సామెత. నేలపై పారు నీటి విషయమున ఈ మాటకు తిరుగు లేదు. కాని నేలలోనికి ఇంకిన నీటి విషయమున ఇది అన్నివేళల చెల్లదు. క్రింద ఖాళీ ఉన్నను, దారికి అడ్డమేమియు లేకున్నను, నీరు దిగక పైననే నిలిచిపోవు సందర్భములు కలవు. పూలకుండీ అడుగున పెంకులో గులకరాళ్లో పోసి, పైన మట్టి నింపినచో నీరు త్వరగా కారిపోవునని చాలమంది నమ్మకము. నిజమునకు ఆ రాళ్ల పొర పైమట్టిలోని నీటిని కొంతవరకు పట్టి ఆపును.

ఈ వింతకు మూలమైన నియమములు 18వ శతాబ్దమునుండి 20వ శతాబ్దమువరకు ఒక్కొక్కటిగా బయటపడినవి. వానిని ఒకచోట చేర్చి, కొలిచి, పనిలో పెట్టిన తావులలో ఒకటి ప్రయోగశాల కాదు, ఆనకట్ట కాదు, ఒక ఆటస్థలము. గోల్ఫు ఆటలో బంతిని పడవేయవలసిన గుంత చుట్టును ఉండు నున్నని పచ్చికను ‘గ్రీను’ అందురు. ఆ పచ్చిక క్రింద వాననీరు ఎట్లు దిగిపోవునో తెలిసికొనుటకు జరిగిన కృషియే ఈ కథ.

సముద్రపుటొడ్డున పుట్టిన ఆట

గోల్ఫు స్కాట్లండు దేశపు ఆట. 1457లో ఆ దేశపు పార్లమెంటు ఈ ఆటను నిషేధించుచు శాసనము చేసినదనగా, అప్పటికే అది జనులలో ఎంత వ్యాపించి యుండెనో ఊహింపవచ్చును. తొలి ఆటస్థలములు సముద్రమునకును పంటభూములకును నడుమ గల ఇసుక నేలలు. వీనిని అక్కడివారు ‘లింక్సు’ అందురు. సెంట్ ఆండ్రూస్ మైదానము ఇట్టిదే. ఆ నేలలో పైరు పండదు. కాని పొట్టి గడ్డి చక్కగా పెరుగును. ఎంత వాన కురిసినను నీరు ఇసుకలో ఇంకిపోవును. ఆటగాండ్రు కొద్దిసేపటికే మరల ఆడగలరు. గ్రీనుకు మంచి మురుగు వసతి కావలెనన్న ఆలోచన ఎవరికిని రాలేదు. ఆ వసతిని ప్రకృతియే ఇచ్చినది.

సెంట్ ఆండ్రూస్ మైదానమును చాలకాలము సంరక్షించిన టామ్ మోరిస్ (1821–1908) పచ్చికపై అప్పుడప్పుడు పలుచగా ఇసుక చల్లించు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చెను. ఇసుక చల్లిన చోట పచ్చిక నున్నగను, దట్టముగను పెరిగెను. అది అనుభవమువలన తెలిసిన విషయము. దానికి కారణము చెప్పగల శాస్త్రము అప్పటికింకను పుట్టలేదు.

తరువాత ఆట సముద్రతీరమును విడిచి లోతట్టునకు వచ్చినది. బ్రిటిష్ దీవులకు వెలుపల మొదటి గోల్ఫు క్లబ్బు 1829లో మన దేశమున కలకత్తాలో ఏర్పడినది. 19వ శతాబ్దము చివర అమెరికాలో ఆట వేగముగ వ్యాపించినది. ఈ క్రొత్త మైదానములు చాలవరకు బంకమట్టి నేలలలోనివి. అక్కడ గ్రీను కట్టుటకు ఒక తేలిక పద్ధతి ఉండెను. చుట్టుప్రక్కల మట్టిని ఎగదోసి ఒక దిబ్బగా చేసి, పైభాగమును చదును చేసి, గడ్డి నాటుటయే ఆ పద్ధతి. దీనిని ‘పుషప్’ గ్రీను అందురు; దిబ్బ గ్రీను అన్నను సరిపోవును. పైకి ఎత్తుగానున్నందున వాననీరు కొంత ప్రక్కలకు జారిపోవును. కాని మట్టిలోనికి ఇంకిన నీరు ఎట్లు పోవలెను?

దమ్ము చేసిన మడి, త్రొక్కిన పచ్చిక

వరి నాటుటకు ముందు మన రైతు మడిలో నీరు పెట్టి దమ్ము చేయును. తడిమట్టిని పశువుల కాళ్లతోను, నాగలితోను చిలికినప్పుడు మట్టిగడ్డలు విడిపోయి, వాని మధ్యనున్న పెద్ద సందులు మూసికొనిపోవును. అప్పుడు నీరు క్రిందికి ఇంకక మడిలో నిలుచును. రైతుకు కావలసినదియు అదియే.

గ్రీనుపై జరుగునదియు అచ్చముగ ఇదియే. అయితే ఇక్కడ అది ఎవరికిని అక్కరలేని దమ్ము. గుంత వ్యాసము 108 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రతి ఆటగాడును దానికి చుట్టును నడువక తప్పదు. తడిసిన మట్టిని వందలాది పాదములు త్రొక్కగా పైభాగములోని సందులు చిట్లి మూసికొనును. అట్టి బంకమట్టిలో గంటకు ఒక మిల్లీమీటరు నీరు కూడ దిగకపోవచ్చును. వేళ్లకు గాలి అందదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తునకు కత్తిరింపబడు ఆ గడ్డి అసలే బలహీనము. గాలి లేనిచో వేళ్లు లోతునకు పోక పైపైననే ఉండి, ఎండ కాసిన మరునాడే వాడిపోవును. వానలో మునిగినది, ఎండలో మాడినది ఒకే పచ్చిక అగుట విచిత్రముగ తోచును గాని, రెండింటికిని కారణము ఒక్కటే: మట్టిలో పెద్ద సందులు లేకపోవుట.

ఇసుకలో నీటి నడక

ఇసుకగుండ నీరు ఎంత వేగముగ దిగునో మొదట కొలిచి చూపినవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ డార్సీ. ఇతడు 1840లో దూరపు ఊటనీటిని కాలువద్వారా దిజోన్ నగరమునకు తెచ్చినవాడు. నీటిని వడపోయు ఇసుక పడకల లెక్క తెలిసికొనగోరి, 1855–56లో ఇసుక నింపిన నిలువు గొట్టములతో ప్రయోగములు చేసి, ఫలితములను 1856లో ప్రకటించెను. ఇసుక స్తంభమునకు పైన, క్రింద గల నీటిమట్టముల తేడా ఎక్కువైనకొలది ప్రవాహము ఎక్కువగును. స్తంభము పొడవైనకొలది ప్రవాహము తగ్గును. ఇదియే డార్సీ నియమము.

1892లో అమెరికా ఇంజనీరు అలెన్ హేజెన్ దీనికి మరియొక ముఖ్య విషయమును చేర్చెను. నీరు దిగు వేగము ఇసుక రేణువుల వ్యాసము యొక్క వర్గమునకు అనుపాతముగ ఉండును. రేణువు సగమైనచో వేగము నాలుగవ వంతగును. పదవ వంతైనచో నూరవ వంతగును. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కంటె చిన్నది. గ్రీనుకు వాడు ఇసుక రేణువు సుమారు అర మిల్లీమీటరు. ఈ రెండింటికిని గల తేడా ఎంతటిదో దీనినిబట్టి తెలియగలదు.

ఈ రెండు నియమములను మాత్రమే చూచినచో, పైన ఇసుకయు, క్రింద అంతకంటె ముతకయైన గులకయు ఉన్నచో నీరు మరింత సులువుగ దిగవలెను. కాని డార్సీ నియమము సందులన్నియు నీటితో నిండియున్నప్పటి మాట. సందులలో కొంత నీరు, కొంత గాలి ఉన్నప్పుడు కథ మారును.

సన్నని దారి పట్టుకొను నీరు

సన్నని గాజుగొట్టమును నీటిలో ముంచినచో నీరు దానిలో పైకెక్కును. ఇది కేశాకర్షణము. గొట్టము ఎంత సన్ననైన, నీరు అంత ఎత్తునకెక్కునని 1718లో ఇంగ్లండు దేశపు జేమ్స్ జూరిన్ చూపెను. ఒక మిల్లీమీటరు వ్యాసము గల గొట్టములో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కును. వ్యాసము 0.1 మిల్లీమీటరైనచో 30 సెంటీమీటర్లు ఎక్కును. 3 మిల్లీమీటర్లైనచో ఒక సెంటీమీటరు మాత్రమే.

మట్టిలోని సందులు కూడ ఇట్టి గొట్టములే. సన్నని సందు నీటిని గట్టిగ పట్టుకొనును. వెడల్పు సందు పట్టుకొనలేదు. ఈ పట్టును శక్తి లెక్కలలోనికి తెచ్చినవాడు అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్గార్ బకింగ్‌హామ్. 1907లో ప్రకటించిన తన పరిశోధనలో ఇతడు దీనికి ‘కేశాకర్షణ పొటెన్షియల్’ అను భావమును ప్రతిపాదించెను. మట్టిలో నీరు పల్లమును మాత్రమే చూచి నడువదు. ఎచ్చట పట్టు తక్కువో అచ్చటినుండి ఎచ్చట పట్టు ఎక్కువో అచ్చటికి నడుచును. గురుత్వాకర్షణము క్రిందికి లాగుచుండగా, మట్టి తన వైపునకు లాగుచుండును. ఏది గెలిచిన నీరు అటు పోవును. సందులు పూర్తిగ నిండని మట్టిలో నీటి నడకను తెలుపు సమీకరణమును 1931లో లోరెంజో రిచర్డ్స్ వెలువరించెను.

ఇప్పుడు గులకపై పరచిన ఇసుకను తలచుకొనుడు. ఇసుక సందులు సుమారు 0.1 మిల్లీమీటరు, గులక సందులు 3 మిల్లీమీటర్లు అనుకొందము. పైనుండి దిగిన నీరు సరిహద్దును చేరినది. క్రిందనున్న పెద్ద సందులలో గాలి ఉన్నది; నీటిని లాగుకొను శక్తి వానికి లేదు. పైనున్న సన్నని సందులు నీటిని విడువవు. కావున నీరు అక్కడనే ఆగి, ప్రక్కలకు వ్యాపించి, క్రమముగ పేరుకొనును. ఇసుక అడుగుభాగము పూర్తిగ తడిసి, అక్కడి పట్టు దాదాపు సున్నయైనప్పుడు మాత్రమే బొట్లు గులకలోనికి జారుట మొదలిడును. వాన వెలిసినపిదప జారుట ఆగిపోవును గాని, అడుగుభాగములోని నీరు అట్లే నిలిచియుండును. భూమిలోని అసలు జలమట్టమునకు చాల ఎత్తున ఇట్లు నిలిచిన నీటిని వేలాడు జలమట్టము అనవచ్చును.

దీనిని కన్నులార చూపిన గౌరవము అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు ఆచార్యుడు వాల్టర్ గార్డ్‌నర్‌కు దక్కినది. 1950ల చివర ఇతడును, ఇతని సహచరుడును గాజుపలకల నడుమ మట్టి పొరలను పేర్చి, తడి వ్యాపించు తీరును చలనచిత్రముగ తీసిరి. తడి అంచు ముతక పొరను తాకగనే గోడ అడ్డమైనట్లు ఆగి ప్రక్కలకు పరుగిడుట ఆ చిత్రమున స్పష్టముగ కనిపించును. మంచి మురుగుదారి అనుకొన్నదే మొదట అడ్డుగోడగా నిలిచినది.

అడ్డమును ఆధారముగ మార్చిన పద్ధతి

అమెరికా సంయుక్త రాష్ట్రముల గోల్ఫు సంఘము పచ్చికల పరిశోధనకై 1920లో ‘గ్రీన్ సెక్షన్’ అను శాఖను నెలకొల్పెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఆటగాండ్ర సంఖ్య బాగుగ పెరిగినది. దానితో దిబ్బ గ్రీనులు త్రొక్కుడుకు తాళలేకపోయినవి. 1950లలో టెక్సాస్ వ్యవసాయ, యాంత్రిక కళాశాలలో (నేడది టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయము) ఈ సమస్యపై పరిశోధనలు సాగినవి. గ్రీన్ సెక్షన్‌కు చెందిన మార్విన్ ఫెర్గుసన్ వీనికి ముఖ్యుడు. ఇసుక, మట్టి, పీటు అను మూడింటిని వేరువేరు పాళ్లలో కలిపి, గట్టిగ దట్టించి, దట్టించిన తరువాత కూడ ఎంత నీరు దిగునో, ఎంత నీరు నిలుచునో, ఎంత గాలి మిగులునో వారు కొలిచిరి. పీటనగా చల్లని దేశముల చిత్తడి నేలలలో నాచు మొదలగు మొక్కలు సగము కుళ్లి ఏర్పడు పదార్థము.

ఇసుకకు ఒక లోపము కలదు. నీటిని త్వరగా విడుచుటయే దాని గుణము. అందుచే రెండు రోజులు ఎండ కాసినచో గడ్డికి నీరు చాలదు. టెక్సాస్ పరిశోధకుల తెలివి ఇక్కడనే ఉన్నది. గులక పొర నీటిని ఆపునను సంగతిని వారు లోపముగ తలపక వరముగ గ్రహించిరి. ముతక పొర వలన ఏర్పడు వేలాడు జలమట్టము ఎండ రోజులలో వేళ్లకు నీటి నిల్వగా పనికివచ్చును. పెద్దవాన కురిసి ఆ నిల్వ మితిమీరినప్పుడు, ఎక్కువైన నీరు దానంతట అదే గులకలోనికి జారిపోవును. ఒకే పొర ఆనకట్టగాను, అలుగుగాను పనిచేయునన్నమాట.

ఈ పద్ధతి నియమములు 1960లో ప్రకటింపబడినవి. అడుగున మురుగు గొట్టములు. వానిపై 4 అంగుళముల గులక. దానిపై ముతక ఇసుక పొర. అన్నిటికిని పైన 12 అంగుళములు, అనగా సుమారు 30 సెంటీమీటర్ల వేరుపొర. నడుమనున్న ముతక ఇసుక వేరుపొర రేణువులు గులకలోనికి జారిపోకుండ కాపాడును. మట్టి ఆనకట్టల వడపోత పొరలకై కార్ల్ టెర్జాగి అను ఇంజనీరు ఏర్పరచిన సూత్రమువంటి సూత్రమే ఇచ్చటను ఆధారము: క్రింది పొర రేణువులు పై పొర రేణువులకంటె ఒక హద్దును మించి పెద్దవి కానిచో, పై రేణువులు ఒకదానికొకటి ఒరగి వంతెనవలె నిలుచును. అట్టి పరిమాణము గల గులక దొరికినచో నడుమపొర అక్కరలేదని 1993లో సవరించిన నియమములు తెలిపినవి.

30 సెంటీమీటర్ల లోతును ఊరక ఎంచలేదు. లోతు తక్కువైనచో జలమట్టము వేళ్లకు మరీ దగ్గరై పైభాగము చిత్తడియగును. ఎక్కువైనచో నీరు వేళ్లకు అందక పైభాగము ఎండును. తరువాతి నియమములలో వేరుపొర రేణువులు నూటికి కనీసము 60 పాళ్లు 0.25 నుండి 1 మిల్లీమీటరు లోపలివై యుండవలెనని నిర్ణయించిరి. పొర పరిమాణములో నీరు నిలుచు సన్నని సందులు నూటికి 15 నుండి 25 వరకును, గాలి నిలుచు పెద్ద సందులు 15 నుండి 30 వరకును ఉండవలెను. నూటికి 20 వంతుల నీరు నిలిచినదనుకొన్నచో, 30 సెంటీమీటర్ల పొరలో 6 సెంటీమీటర్ల నీరు దాగియున్నట్లు లెక్క. నీరు దిగు వేగము గంటకు కనీసము 15 సెంటీమీటర్లు. గంటకు 5 సెంటీమీటర్ల కుండపోత వాన కురిసినను, దానికి మూడింతలు తట్టుకొనగలదన్నమాట.

ఒకే పొర చాలదా?

మూడు పొరలు కట్టుట ఖర్చుతో కూడిన పని. గులక పొరను మానివేయవచ్చునా అను ప్రశ్న సహజముగనే పుట్టినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియమ్ డేవిస్, ఆయన సహచరులు మరియొక పద్ధతిని రూపొందించిరి. దాని వివరములు 1990లో పుస్తకముగ వెలువడినవి. నేలను గట్టిపరచి, సన్నని కందకములు త్రవ్వి, వానిలో గులకతోకూడ మురుగు గొట్టములను పరచి, పైన నేరుగా 30 సెంటీమీటర్ల మంచి ఇసుకను పోయుటయే ఆ పద్ధతి. గులక కందకములలో మాత్రమే ఉండును. గ్రీను అంతట ఉండదు. ఇది ‘కాలిఫోర్నియా’ గ్రీను.

ఈ రెండింటిలో నీటి నడకలు వేరు. గులక పొర గల గ్రీనులో నీరు ఎక్కడ పడినను నిలువుగ దిగి, 30 సెంటీమీటర్లలోనే గులకను చేరును. ఒకే పొర గల గ్రీనులో నీరు మొదట అడుగునున్న గట్టినేలను చేరి, అక్కడినుండి గొట్టము వరకు ఇసుకలో అడ్డముగ నడువవలెను. గొట్టములు మీటర్ల దూరమున ఉండును గాన ఈ నడక నెమ్మది. గొట్టమునకు పైనున్న ఇసుక త్వరగ ఆరును. రెండు గొట్టములకు నట్టనడుమ ఇసుక ఎక్కువసేపు తడిగ ఉండును.

అయితే గులక పొర గల పద్ధతియు అన్నిచోట్ల సమానముగ పనిచేయదు. గ్రీనులు బల్లపరుపుగ ఉండవు. ఏటవాలుగను, మిట్టపల్లములుగను ఉండును. వేలాడు జలమట్టము ఏటవాలులో నిలుకడగ ఉండదు. సరిహద్దుపై ఆగిన నీరు ఆ వాలు వెంబడి ప్రక్కకు జారి పల్లపు అంచున చేరును. మిట్టపైనున్న గడ్డి ఎండును. పల్లపు గడ్డి నాని చెడును. సామెతలోని నీరు ఇచ్చట మరల పల్లమును వెదకికొన్నది.

మరియొక చిక్కు కాలముతో వచ్చును. చచ్చిన వేళ్లు, గడ్డిపోచలు పైభాగమున పేరుకొని, ఇసుక సందులను మూయును. క్రింద ఎన్ని పొరలున్నను, నీరు మొదట దిగవలసినది ఈ పైపొరగుండనే గదా! అందుచే పచ్చికకు రంధ్రములు పొడిచి, పలుచగ ఇసుక చల్లుచునే ఉండవలెను. టామ్ మోరిస్ అనుభవముతో చేసిన పనికి శాస్త్రము చెప్పిన కారణము ఇదియే.

తరగతిలో చేయదగిన ప్రయోగములు

ఈ నియమమును చూచుటకు గోల్ఫు మైదానము అక్కరలేదు. పొడవాటి స్పంజి ముక్క నొకదానిని నీటిలో బాగుగ నానబెట్టి, పడుకోబెట్టినట్లు చేతిపై అడ్డముగ పట్టుకొనుడు. కొంత నీరు కారి ఆగిపోవును. ఇప్పుడు పిండకుండ, నెమ్మదిగ నిలువుగ త్రిప్పుడు. నీరు మరల కారును. స్పంజి మారలేదు, సందులు మారలేదు. ఎత్తు మాత్రమే మారినది. ఎత్తు పెరిగినప్పుడు పైభాగపు నీటిని గురుత్వాకర్షణము ఎక్కువగ లాగగలిగినది. అడుగుభాగము మాత్రము తడిగనే మిగులును.

రెండవ ప్రయోగమునకు అడుగున రంధ్రములు గల రెండు పొడవైన గొట్టములు, జల్లించిన సన్నని ఇసుక, గులక చాలును. రంధ్రములపై గుడ్డ కట్టవలెను. మొదటి గొట్టములో 15 సెంటీమీటర్ల గులకపై పలుచని గుడ్డ వేసి 15 సెంటీమీటర్ల ఇసుకయు, రెండవదానిలో 30 సెంటీమీటర్లును ఇసుకయే నింపుడు. రెండింటిలోను అడుగునుండి కారువరకు నీరు పోసి, ఆవిరికాకుండ మూసి ఒక దినము ఉంచుడు. తరువాత రెండింటినుండియు పై 15 సెంటీమీటర్ల ఇసుకను తీసి తూచి, ఎండబెట్టి మరల తూచుడు. గులకపైనున్న ఇసుకలోనే నీరు ఎక్కువ నిలిచినట్లు తెలియును. పూలకుండీ అడుగున పోసిన పెంకులు చేయునదియు ఇదియే. అవి మట్టి లోతును తగ్గించి, చిత్తడి భాగమును వేళ్లకు చేరువగ తెచ్చును. కుండీకి కావలసినది అడుగున రంధ్రమును, పెద్ద సందులు గల గుల్లమట్టియు గాని, పెంకుల పొర కాదు.

ఈ సూత్రమునకు ఆటకంటె గంభీరమైన ఉపయోగములును కలవు. వాన తక్కువగ గల ప్రదేశములలో హానికరమైన వ్యర్థములను పూడ్చిన గుంతలపై సన్నని మట్టిని, దాని క్రింద గులకను పరచుదురు. వాననీరు సన్నని మట్టిలోనే ఆగి, గడ్డి వేళ్లద్వారా తిరిగి గాలిలో కలిసిపోవును. వ్యర్థములను చేరి విషమును భూగర్భజలములోనికి మోసికొనిపోదు. గ్రీనులో గడ్డికి నీరు దాచిన పొరయే అక్కడ త్రాగునీటికి కాపలాగ నిలుచుచున్నది. మితిమీరిన వాన కురిసిననాడు ఆ పొరయు నీటిని క్రిందికి విడువక తప్పదు. కావున దానిని కట్టువారు ఆ ప్రదేశపు వానను, మట్టి పట్టగల నీటిని ముందుగ కొలిచి, పొర మందమును నిర్ణయింపవలసి యున్నది.